బస్సు రాని వారాలు

పుస్తకాన్ని రెండోసారి చదవడం గురించి పెద్దవాళ్ళు గొప్పగా చెబుతుంటారు. చిన్నప్పుడు కనపడనివి ఇప్పుడు కనపడతాయట, లోతులు తెలుస్తాయట. నాకైతే అట్లాంటి యోగం పట్టలేదు. "నీడ దాటని రేవు" నవలను నేను రెండోసారి చదివింది ఖమ్మంలో ఒక ఆసుపత్రి గదిలో, కదిలితే కిర్రుమనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పైకి, గొంతు పోయేలాగా. వింటున్నది మా అక్క కరుణ. వింటున్నదని నేను అనుకుంటున్నాను, అంతే. తలలో నరం చిట్లి పడిపోయిన నాటి నుంచి అక్క కళ్ళు తెరిచే ఉంటాయి గానీ ఎటు చూస్తున్నాయో తెలియదు. గొంతు కింద రంధ్రం చేసి ఒక గొట్టం పెట్టారు, ముక్కులోంచి ఇంకో గొట్టం. కుడి చెయ్యి పూర్తిగా పడిపోయింది. ఎడమ చెయ్యి అప్పుడప్పుడూ దుప్పటిని పట్టుకుంటుంది. "వినికిడి ఉండొచ్చమ్మా, మాట్లాడుతూ ఉండండి" అని చెప్పి డాక్టరమ్మ వెళ్ళిపోయింది. ఏం మాట్లాడను? కూరగాయల సంగతి చెప్పాను, ఎదురింటివాళ్ళ కుక్క సంగతి చెప్పాను. ఆరోగ్యంగా ఉన్నప్పుడే నా సోది భరించలేక "ఇగ చాలు తియ్యవే" అనేది అక్క. ఇప్పుడు ఆ మాట కూడా లేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మరునాడు ఇంటికి పోయి ఆ నవల తెచ్చుకున్నాను.

ఆ రచయితను అక్కా నేనూ "మన సారు" అనేవాళ్ళం. ఎన్నడూ చూసింది లేదు, ఉత్తరం రాసింది లేదు, అయినా మా సొంత మనిషి. ఆయన రాసినవి కొన్నే. వాటిలో మాకు ప్రాణం ఇది. మా చిన్నతనంలో వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఎవరో పూనుకుని పుస్తకంగా వేసింది ఈమధ్యనే. కొని బీరువాలో పెట్టుకున్నాను గానీ తెరవలేదు. అక్క ఖమ్మం వచ్చినప్పుడు ఇద్దరం కలిసి చదువుకుందామని దాచాను. దాచుకున్నవన్నీ ఇట్లాగే తగలడతాయి. కథ చెప్పాలంటే నాలుగు ముక్కలు. ఒక దేశంలో పెద్ద ఏరు. ఆ ఏరు దాటాలంటే మనిషి తన నీడను ఇవతలి రేవులోనే వదిలిపెట్టి పోవాలి. పడవ నడిపే మల్లయ్య ఆ నీడలకు కాపలా. మనుషులు తిరిగొచ్చేదాకా వాటిని వానకు తడవకుండా, గాలికి పోకుండా చూసుకోవాలి. కొందరు తిరిగి రారు. వాళ్ళ నీడలు మల్లయ్య గుడిసె చుట్టూ చేరి, అతని భార్య గంగి అన్నం వండుతుంటే చూస్తూ ఉంటాయి. మాంత్రికుడు లేడు, రాక్షసుడు లేడు, కత్తియుద్ధం లేదు. ఒక వారమంతా మల్లయ్య పడవకు తారు పూస్తాడు. ఇంకో వారమంతా గంగి, ఎవరిదో చంటిపిల్ల నీడ ఏడుస్తుంటే ఊరుకోబెడుతుంది. ఇప్పటివాళ్ళయితే "ఇందులో ఏం జరగదేంది?" అని పక్కన పడేస్తారు. మాకు ఆ జరగకపోవడమే ఇష్టంగా ఉండేది.

అక్క కొడుకు డేవిడ్‌ది పాల్వంచలో ఉద్యోగం. వీలు చూసుకుని వచ్చి, తల్లి కాళ్ళు ఒత్తి, మళ్ళీ బస్సెక్కేవాడు. అక్కకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరడం, కింది అంతస్తు ఐసీయూకి దింపడం, కాస్త తేరుకున్నాక గదికి తేవడం, మళ్ళీ నెమ్ము. ఇదే వరస. ఒకసారి అట్లా పైకి తెచ్చాక డాక్టరమ్మ డేవిడ్‌ను పక్కకు పిలిచి మాట్లాడింది. వాడు వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అమ్మను ఇంటికి తీసుకపోదాం చిన్నమ్మా. బూర్గంపాడుకు. ఈ గొట్టాలన్నీ తీపిచ్చి."

"తీపిస్తే ఏమైతదో తెలుసా నీకు?"

"తెలుసు. డాక్టరమ్మ చెప్పింది. గిట్లనే ఉంచితే ఏమైతదో అదీ చెప్పింది. అమ్మకు నొప్పి తెలుస్తుందంట చిన్నమ్మా. చెప్పుకోలేకపోతుంది, అంతే."

నేను వాడి మీద విరుచుకుపడ్డాను. కన్నతల్లి నీకు బరువైందా అన్నాను. ఇంకా నోటికొచ్చినవన్నీ అన్నాను. వాడు తల దించుకుని విన్నాడు, తల్లి పోలిక, ఎదురు చెప్పడు. చివరికి నా ఒళ్ళో ఉన్న పుస్తకం చూసి, "సరే, గా పుస్తకం ఒడిసేదాకా ఆగుదాం. ఒడిసినంక మాత్రం నువ్వు అడ్డం రావద్దు" అన్నాడు. గబుక్కున ఒప్పుకున్నాను. అంత లావు పుస్తకం, అంత నిదానపు కథ. ఆ పూట మన సారు నాకు సాక్షాత్తూ దేవుడిలాగే కనపడ్డాడు. దానికి తోడు నా లోపల ఇంకో ఆశ ఉంది, అది డేవిడ్‌కు చెప్పలేదు. నవల నడిమిలో ఒక ఘట్టం ఉంది. మల్లయ్యకు జ్వరం తగిలితే గంగి పడవ నడిపే ఘట్టం. అక్కకు లోకంలో ఏ మాటైనా వినపడేట్టయితే ఆ మాటలు వినపడతాయి. అక్కడిదాకా చేరితే చాలు, అక్క కనీసం నా చెయ్యి నొక్కుతుంది, అప్పుడు డేవిడ్ నోరు మూతపడుతుంది అనుకున్నాను.

మా ఇల్లు బూర్గంపాడులో ఏటికి దగ్గరగా ఉండేది. నాన్న మిషన్ బడిలో పంతులు, చర్చి సంఘంలో పెద్ద. అమ్మ సర్కారు దవాఖానాలో ఆయా. అమ్మ కొంగు ఎంత ఉతికినా ఫినాయిల్ వాసన పోయేది కాదు, ఆ వాసన ముక్కుకు తగిలితేనే మాకు నిద్ర పట్టేది. ఎండాకాలం వస్తే ఊరంతా తునికాకు కట్టల వాసన. అంతకుముందే అడవి పల్లెల్లో ఎండబోసిన ఇప్పపువ్వు వాసన గాలికి వచ్చేది. అది రాగానే నాన్న లేచి కిటికీ మూసేవాడు, వాసనకే మత్తెక్కుతుందని ఆయన భయం. దీపాలు పెట్టే వేళకు కుటుంబ ప్రార్థన. నాన్న బనియన్‌తో ప్రార్థన చెయ్యడు. ఎంత ఉక్కపోతలోనైనా ముఖం కడుక్కుని, చొక్కా తొడుక్కుని, మెడదాకా గుండీలు పెట్టుకుని, చేతి గడియారానికి కీ ఇచ్చి, అప్పుడు చాప మీద కూర్చునేవాడు. బైబిలు వాక్యం వంతులవారీగా చదవాలి. నాన్న ఒక వచనం, అమ్మ ఒకటి, అక్క ఒకటి, నేనొకటి, మళ్ళీ నాన్న. అమ్మ కూడబలుక్కుని చదివేది, నాన్న తన పెదాలు కదిపి ఆమెకు అందించేవాడు. అక్క చదువుతుంటే మాత్రం దారిన పోయేవాళ్ళు నిలబడి వినేవాళ్ళు. చదివాక ఒక్కొక్కరు ఒక్కో మనవి చెప్పుకోవాలి. అమ్మకు దవాఖానా నిండా మనవులే, ఎవరో బాలింత, ఎవరో పాము కరిచిన మనిషి. నాకు మాత్రం ఎప్పుడూ ఏమీ దొరికేది కాదు. లెక్కల పరీక్ష గురించి ఎన్నిసార్లు అడుగుతాను?

కథల పత్రికలు మా ఇంట్లోకి రాకూడదు. లేనిది ఉన్నట్టు రాసేదాన్ని నాన్న అబద్ధమనే అనేవాడు. కానీ వెనక వీధిలో సుబ్బాయమ్మగారి ఇల్లు ఉంది. వాళ్ళది కృష్ణా వైపు నుంచి వచ్చి మా దగ్గర పొలాలు కొని మిరప వేసిన కుటుంబం. అక్క ఆవిడ దగ్గర కుట్టుపని నేర్చుకోవడానికి పోయేది. ఆవిడ చదివేసిన పత్రిక అక్క చేతిలో పెట్టి, "సీరియలు కాగితాలు నువ్వు కోసుకోవే కరుణా, మిగతాది నాకు తెచ్చియ్యి, పొట్లాలకి పనికొస్తుంది" అనేది. ఆ కాగితాలు అక్క జాకెట్లో దాచుకుని వచ్చేది. ఇద్దరం కట్టెల కొట్టంలో దూరేవాళ్ళం. మాకు చదవడమంటే తెలిసింది ఒకటే పద్ధతి కదా, దాన్నీ వంతులవారీగానే చదివాం. ఒక పేరా అక్క, ఒక పేరా నేను. నాకు అర్థంకాని మాట వస్తే అక్క నాన్నలాగే పెదాలు కదిపి అందించేది. అయిపోయాక కాగితాలను వరసలో పెట్టి, దబ్బనంతో కుట్టి, కట్టెల కింద దాచేవాళ్ళం.

ఒక వారం కథలో మల్లయ్య పడవ మంచులో దారి తప్పింది. కింద సశేషం. ఆ సశేషం నా ప్రాణం తీసింది. సాయంత్రం ప్రార్థనలో నా వంతు వచ్చేసరికి కళ్ళు గట్టిగా మూసుకుని, "తండ్రీ, పడవ మల్లయ్యను క్షేమంగా ఒడ్డుకు చేర్చు" అనేశాను. అన్నాక గానీ ఏమన్నానో తెలియలేదు. పక్కన అక్క నన్ను మోచేత్తో పొడిచింది. నాన్న ఒక కన్ను తెరిచాడు.

"పడవ మల్లయ్య ఎవరు బిడ్డా?"

"ఏట్లకు పోయిండంట నాన్నా, ఇంకా రాలేదంట. బళ్ళె అనుకుంటుండ్రు" అంది అక్క, తడుముకోకుండా.

నాన్న "అయ్యో" అన్నాడు. అది ఉత్త అయ్యో కాదు, ముఖమంతా మారిపోయింది. ఆనాటి నుంచి రోజూ మా ఇంట్లో మల్లయ్య కోసం ప్రార్థన. ఆదివారం చర్చిలో నాన్న లేచి సంగతి చెబితే సంఘమంతా మోకాళ్ళూనింది. మేమిద్దరం ఆడవాళ్ళ వరసలో తలలు వంచుకుని వణికిపోతున్నాం, నవ్వో భయమో మాకే తెలియదు. అంతటితో ఆగిందా? మల్లయ్య ఇంటివాళ్ళను ఓదార్చి వద్దామని నాన్న రేవుకు పోయాడు. లోకంలో మల్లయ్యలకు కరువా, ఒక మల్లయ్య అక్కడ ఉండనే ఉన్నాడు, పడవ అంచున కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. నాన్న ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. మరుసటి ఆదివారం ఆయన్ను వెంటబెట్టుకొచ్చి అందరి ముందూ నిలబెట్టాడు. "నాకేమైంది సారూ, నేను బాగనే ఉన్న గదా?" అంటాడు ఆ మల్లయ్య. "చూశారా, బాగున్నాడు!" అంటాడు నాన్న. సంఘమంతా స్తోత్రం చెప్పి పాట ఎత్తుకుంది. అమ్మ ఆయనకు చాయ్ పోసి, రొట్టె పెట్టి పంపింది. ఇంటికొచ్చాక అక్కా నేనూ కట్టెల కొట్టంలో పొట్టలు పట్టుకుని పొర్లాం. అసలు మల్లయ్య మాత్రం ఆ వారం కూడా మంచులోనే ఉన్నాడు, పాపం.

తరవాత గోదారి వచ్చింది. మా వైపు వరదను వరద అనరు, గోదారి వచ్చిందంటారు, చుట్టం వచ్చినట్టు. రెండో ప్రమాద హెచ్చరిక అనగానే బియ్యం, మంచాలు, మేకలు అన్నీ ఎత్తు మీది బడికి చేర్చారు. తడిసిన గోనెసంచుల వాసన, కిరోసిన్ వాసన, గంగాళంలో అందరికీ కలిపి వండిన పప్పు వాసన. రోడ్డు మునిగింది, బస్సు ఆగింది. ఆ తేమకు నాకు చలిజ్వరం తగిలింది. అడవి అంచున పుట్టినవాళ్ళకు చలిజ్వరం కొత్త కాదు గానీ ఈసారిది తలకెక్కింది. అమ్మ తెచ్చుకున్న చేదు మాత్రలు అయిపోయాయి. అవతలికి దాటించే దారి లేదు. నాన్న చొక్కా గుండీలు పెట్టుకుని బడి వరండాలో మోకాళ్ళ మీదే ఉండిపోయాడు. నేను లేచి నీళ్ళలోకి పోతానని గింజుకునేదాన్నట. అప్పుడు అక్క నన్ను ఒళ్ళో అదిమిపట్టుకుని ఆ వారం కథ చెప్పింది. "వినవే జ్యోతీ, సుబ్బాయమ్మగారి కాడ చదివొచ్చిన, కాగితాలు తడుస్తయని తేలేదు" అంది.

కథలో మల్లయ్యకు కూడా నాలాగే జ్వరం. పడవ నట్టేట్లో ఉంది. అతను మాటిమాటికీ "ఒడ్డొచ్చిందా? దిగుతా" అని లేస్తాడు. గంగి ఒక చేత్తో తెడ్డు వేస్తూ, ఇంకో చేత్తో అతని పంచె కొంగు పట్టుకుని, "రాలేదు, కూసో" అంటుంది. ఊరికే కూర్చోడు కదా, అందుకని ఇవతలి గట్టు మీద ఏం కనపడుతుందో అన్నీ చెబుతుంది. ఒక ముసలామె నీడ జొన్నలు చెరుగుతోంది. రెండు నీడలు కొట్లాడుకుంటున్నాయి, దేనికో చెప్పుకో చూద్దాం అంటుంది. అతను తప్పు చెబితే నవ్వుతుంది. ఒడ్డు మాత్రం రాదు. మరుసటి వారమూ రాలేదు. ఆ తరవాతి వారమూ అక్క అదే పడవ, అదే ఏరు, కొత్త కొత్త నీడలు చెప్పింది. నేను ఒంట్లో మంటతో "ఒడ్డొచ్చిందా?" అని అడుగుతుంటే, మల్లయ్యను అడ్డం పెట్టుకుని నాకే చెప్పేది, "రాలేదే, దిగకు" అని. నీళ్ళు తీశాక లాంచీలో మందులొచ్చాయి. నేను బతికాను.

పెద్దయి నేను కథలు రాసేదాన్నయ్యాను. ఏ సభలో అడిగినా ఒకటే చెప్పేదాన్ని. మన సారు రాసిన ఆ పడవ ఘట్టమే నన్ను రచయిత్రిని చేసింది, అంత గొప్ప ఘట్టం మన భాషలో ఇంకొకటి రాలేదు అనేదాన్ని. ఖమ్మంలో నాకు శాలువా కప్పిననాడు కూడా అదే చెప్పాను. అక్క ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఆసుపత్రి గదిలో ఆ ఘట్టం కోసమే నిదానంగా చదువుతూ పోయాను. పాత పద్ధతిలోనే, నా పేరా నేను చదివి, అక్క పేరా దగ్గర ఆగేదాన్ని. ఆ గొట్టంలో గురగురమనే శబ్దం తప్ప ఏమీ ఉండేది కాదు. కాసేపు చూసి, ఆమె వంతు కూడా నేనే చదివేదాన్ని. పుస్తకం తొందరగా అయిపోకుండా ముందుమాట చదివాను, అచ్చుతప్పులు సరిచేసి మళ్ళీ చదివాను, నిన్న చదివింది అక్క మరిచిపోయి ఉంటుందని ఇవాళ మళ్ళీ చదివాను. మంచు వచ్చింది. మల్లయ్య దారి తప్పాడు. పేజీ తిప్పాను. రాజుగారి సుంకం వసూలుదార్లు వచ్చారు. ఇంకో పేజీ తిప్పాను. వాళ్ళ గుర్రాలు, వాళ్ళ భోజనాలు, వాళ్ళలో ఒకడి పెళ్ళి గొడవ. అధ్యాయాలకు అధ్యాయాలు వాళ్ళే. మల్లయ్య లేడు, పడవ లేదు, జ్వరం లేదు. ఆ సుంకంవాళ్ళు మాట్లాడుకుంటూ మధ్యలో ఒక ముక్క అంటారు, రేవుకాపలావాడి పెళ్ళాం ఆ వానల్లో పోయిందట పాపం అని. అంతే. గంగి చావు రెండు వరుసల్లో అయిపోయింది.

పేజీలు ఊడిపోయాయేమోనని చూశాను. లేదు, అంకెలు వరసగానే ఉన్నాయి. వెనక్కి తిప్పాను, ముందుకు తిప్పాను, చివరిదాకా వెతికాను. అప్పుడు నా మట్టిబుర్రకు తట్టింది. బస్సే రాని వారాల్లో పత్రిక ఎట్లా వస్తుంది? సుబ్బాయమ్మగారిల్లు కూడా మునిగింది, ఆవిడ కూడా మాతోపాటే బడిలోనే ఉంది, పక్క గదిలో. ఇంత వయసొచ్చీ ఈ సంగతి ఒక్కసారైనా ఆలోచించలేదే! నీళ్ళు తీశాక వచ్చిన కాగితాల పైభాగం కత్తిరించి ఉండేది, "జరిగిన కథ" అని గడికట్టి వేసే చోట. "వెనకపక్క కూపన్ ఉంటే ఆమె కోసుకుంది" అని అక్క చెప్పింది, నేను నమ్మాను. ఆ తరవాత ఎక్కడ గంగి ప్రస్తావన వచ్చినా ఆ పేరా అక్క వంతే అయ్యేది. చూపు ముందుగా పరిగెత్తించి, వంతులు ఎట్లా సర్దుకునేదో, ఆ పేరాకు ఏం మార్చి చదివేదో. గంగి ఎక్కడికి పోయిందే అంటే "పుట్టింటికి పోయింది" అనేది. ఆ కాగితాలను కూడా తరవాత చెదలు తినేశాయి, లేదా తిన్నాయని అక్క చెప్పింది. గంగి చచ్చిపోయిందన్న సంగతి ఆ పిల్ల ఒక్కతే మోసింది. నేను వేదికల మీద మన సారును పొగుడుతుంటే నోరు మెదపలేదు. ఎవరి శాలువా అది, అక్కా?

పుస్తకం పక్కన పెట్టి మంచం మీదికి వంగాను. "నువ్వేనా చెప్పింది?" అన్నాను. "నీయమ్మ, నువ్వేనా? ఆ రెండు నీడలు దేనికి కొట్లాడుకున్నయో చెప్పు. గంగి పాడిన పాట ఏంది? నాకు యాదికి లేదు, కొంచెం కొంచెమే ఉంది, నువ్వు చెప్పాలె." అక్క కళ్ళు నా భుజం పక్కనుంచి ఎటో చూస్తున్నాయి. ఆ కథ ఏ పుస్తకంలోనూ లేదు. ఉన్నది ఈ తలలోనే, నరం చిట్లిన ఈ తలలోనే. ఆ ఆలోచన వచ్చేసరికి నాకు పిచ్చెక్కినట్టయింది. భుజాలు పట్టుకుని ఊపాను. "చెప్పవే, ఒక్క ముక్క చెప్పవే" అని అరిచాను. నర్సు పరిగెత్తుకొచ్చింది. "ఏంది మేడమ్ మీరు, గట్ల ఊపొద్దు పేషెంటును" అని నన్ను కుర్చీలోకి నెట్టి, గొట్టంలో కఫం తీసే పని మొదలుపెట్టింది.

ఇన్నాళ్ళూ ఆ పని జరిగేటప్పుడు నేను పుస్తకంలోకి చూసేదాన్ని. ఇప్పుడు చూడ్డానికి పుస్తకంలో ఏమీ మిగల్లేదు. సన్నటి పైపు గొంతులోకి దిగింది. అక్క ముఖం ఎర్రబారి, నోరు తెరుచుకుంది. అరుపు లేదు, గొంతుకు రంధ్రం ఉన్న మనిషికి అరవడం కుదరదు. ఎడమ చెయ్యి దుప్పటిని గుప్పిట్లో నలిపేసింది. ఆ చెయ్యి దుప్పటిని పట్టుకున్నప్పుడల్లా నా చదువు వినే కదిలిందనుకుని సంబరపడ్డానే! కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. నర్సు దూదితో తుడిచింది. "రోజూ ఇంతేనా?" అన్నాను. "రోజూ ఇంతే మేడమ్. పూటకు ఎన్నోసార్లు. మీరుంటరు గదా, చూస్తలేరా?" అంది ఆ అమ్మాయి. చూడలేదమ్మా. చదువుకుంటున్నాను.

ఆ బడి గదిలో మాకు ఏమీ లేదు. మందు లేదు, దారి లేదు, పత్రిక కూడా లేదు. నన్ను పట్టుకోవడానికి అక్క దగ్గర అబద్ధం తప్ప ఏమీ లేదు, నాన్న లెక్క ప్రకారం అయితే. ఇప్పుడు అన్నీ ఉన్నాయి. బూర్గంపాడు నుంచి ఖమ్మం దాకా నల్లటి రోడ్డు ఉంది, మెషిన్లు ఉన్నాయి, పేరు చెబితే మందులు వస్తాయి, పుస్తకం అట్ట ఊడకుండా గట్టిగా కుట్టి ఉంది. వీటన్నిటితో నేను ఆమెను ఆపి పెట్టాను. ఆమె నన్ను ఆపింది నేను బతకడానికి. నేను ఆమెను ఆపింది ఎందుకు? నేను ఒంటిదాన్ని కాకుండా ఉండటానికి. నాన్న పోయాడు, అమ్మ పోయింది, కట్టెల కొట్టం ఉండేదని తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఈమె ఒక్కతే. నాకు ఆమె కావాలి. ఇప్పటికీ కావాలి, ఇది రాస్తుంటే కూడా కావాలి. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాను. ఏం అడగాలో తెలియక తెరిచేశాను. అక్క పక్కన మంచం అంచున కూర్చుని, ఆ గుప్పిట విప్పి, ఎర్రగా కమిలిన అరచేతిని రుద్దుతూ ఉండిపోయాను.

సాయంత్రం బస్సుకు డేవిడ్ వచ్చాడు. చెప్పులు విప్పి, తల్లి నుదుటి మీద చెయ్యి పెట్టి, కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను, సుంకంవాళ్ళ అధ్యాయం దగ్గర వేలు పెట్టి. ఇంకా దాదాపు సగం ఉంది.

"ఎంతదాకా వచ్చింది చిన్నమ్మా?" అన్నాడు.

"ఒడిసింది బిడ్డా" అన్నాను.

వాడు నా ముఖం చూశాడు, పేజీల మధ్య ఉన్న నా వేలు చూశాడు. తల్లి కాళ్ళ మీద దుప్పటి సర్ది, అంబులెన్సు మాట్లాడటానికి కిందికి దిగిపోయాడు.